కొలువు, మనసు: విరాటపర్వం ఆధారంగా ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో ‘కొలువు’ అనే మాటకు రాజసభ అనీ, సేవ అనీ రెండర్థాలు ఉన్నాయి. రాజు కొలువు తీరుతాడు, సేవకుడు కొలువు చేస్తాడు. పాత కావ్యాల నుంచి నేటి పత్రికల ఉద్యోగ నియామక వార్తల దాకా ఆ మాట చెక్కుచెదరకుండా వచ్చింది. ‘జీతం’ అనే మాట ‘జీవితం’ అనే సంస్కృత పదానికి వికృతి. బ్రతుకుతెరువుకు ఇచ్చేది జీతం అన్న భావన ఆ మాటలోనే ఇమిడి ఉంది. అయితే ఇచ్చేవాడు జీతంతో ఏమి కొంటున్నాడు, పుచ్చుకునేవాడు ఏమి అమ్ముతున్నాడు అన్న ప్రశ్నకు నిఘంటువులో సమాధానం దొరకదు. పనిని మాత్రమేనా, పనిచేసే మనిషి మనసును కూడానా?

ఈ ప్రశ్న ఇటీవల మరొక రూపంలో చర్చకు వస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదకొండవ కూర్పులో ‘బర్న్ అవుట్’ను చేర్చింది. దానిని వ్యాధిగా కాక, పనిచేసే చోట దీర్ఘకాలం అదుపు తప్పిన ఒత్తిడి నుంచి పుట్టే స్థితిగా నిర్వచించింది. 2022లో ఆ సంస్థ పనిచేసే చోట మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలను వెలువరించింది. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయనీ, ఆ నష్టం విలువ లక్ష కోట్ల డాలర్లనీ ఒక అంచనా అప్పటి నుంచి తరచుగా ఉదాహరింపబడుతున్నది. యాజమాన్యాలను కదిలించడానికి ఈ లెక్క ఉపయోగపడి ఉండవచ్చు. కాని ఉద్యోగి మానసిక స్వస్థతకు తోడ్పడటం యజమాని చేసే దయా, వ్యాపార వివేకమా, తీర్చవలసిన ఋణమా అన్న విచారణను ఈ లెక్క పక్కకు నెడుతున్నది. ఆ విచారణే ఈ వ్యాస ఉద్దేశ్యం.

ఇందుకు మహాభారతంలోని రెండు ప్రసంగాలను, ఒక సంఘటనను ఆధారం చేసుకుంటున్నాను. విరాటపర్వంలో ధౌమ్యుడు పాండవులకు చెప్పిన సేవాధర్మాలు ఒకటి. సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలు రెండవది. విరాటుని సభలో సైరంధ్రికి జరిగిన పరాభవం మూడవది. నన్నయ నారదుని ప్రశ్నలను తెనిగించాడు. తిక్కన తన భారత రచనను విరాటపర్వంతోనే ఆరంభించాడు. అయినా సూక్ష్మ వివరాలకు నేను ప్రధానంగా వ్యాసమూలాన్ని అనుసరించాను. రాజసేవ వేరు, నేటి ఒప్పంద ఉద్యోగం వేరు. రాజు కొలువులోని సేవకుడికి చట్టం లేదు, సంఘం లేదు. ఆ భేదాన్ని మరచిపోతే ఈ పోలిక వట్టి చమత్కారంగా మిగులుతుంది. సేవించేవాడికీ సేవింపబడేవాడికీ మధ్య బాధ్యతను ఎలా పంచాలి అన్న ఆలోచన వరకే నా పరిశీలన పరిమితం.

ధౌమ్యుని బోధ

అజ్ఞాతవాసానికి బయలుదేరుతున్న పాండవులకు పురోహితుడైన ధౌమ్యుడు రాజగృహంలో మెలగవలసిన తీరును వివరిస్తాడు. అనుమతి లేనిదే లోపలికి పోరాదు. మరొకరు ఆశించే ఆసనంలో కూర్చోరాదు. అడగనిదే రాజుకు హితవు చెప్పరాదు. రాజగృహం కన్నా అందమైన ఇల్లు కట్టుకోరాదని తిక్కన తెలుగులో చెప్పిన హెచ్చరిక పండితులకు సుపరిచితమే. ఇవన్నీ బయటి నడవడికి సంబంధించినవి. వీటి నడుమ మరికొన్ని మాటలు వస్తాయి. ఎండైనా చలైనా, పగలైనా రాత్రయినా ఆజ్ఞ అందినప్పుడు సంకోచించరాదు. రాజు ఇంకొకరికి పని చెబుతున్నా తానే ముందుకు వచ్చి ఏమి చేయమంటారని అడగాలి. లాభం కలిగితే పొంగరాదు, అవమానం కలిగితే వ్యథ చెందరాదు. ఇల్లు విడిచి వచ్చినవాడు తనవారిని తలచుకోరాదు.

చివరి రెండూ గమనింపదగినవి. సేవకుడు తన శరీరాన్నీ సమయాన్నీ అప్పగించడంతో కొలువు పూర్తి కావడం లేదు. తన దుఃఖాన్నీ, సంతోషాన్నీ, జ్ఞాపకాన్నీ కూడా ఉద్యోగానికి తగినట్లు దిద్దుకోవాలి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ప్రచురించిన ‘ది మేనేజ్డ్ హార్ట్’ అనే గ్రంథంలో విమాన పరిచారికల చిరునవ్వును పరిశీలించి, ఇటువంటి శ్రమకు ‘ఉద్వేగ శ్రమ’ అనదగిన పేరు పెట్టారు. పగలబడి నవ్వవద్దు, మృదువుగా చిరునవ్వు నవ్వాలి అని ధౌమ్యుడు కూడా అంటాడు. ఆ శ్రమకు ప్రత్యేకంగా జీతం ఉన్నట్లు మాత్రం ఆయన చెప్పలేదు.

ధౌమ్యుణ్ణి తప్పుపట్టడం నా అభిమతం కాదు. ఆయన మాటల్లో ఆర్ద్రత ఉంది. పన్నెండేళ్ల అరణ్యవాసం ముగించుకుని, గుర్తింపబడితే మళ్లీ అడవి పాలుకావలసిన మనుషులతో ఆయన మాట్లాడుతున్నాడు. విరాటుణ్ణి మార్చే అధికారం ఆయనకు లేదు. తన ఎదుట ఉన్నవారికి ఆపద రాకుండా చూడగలిగితే చాలు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కనకు ఈ ఘట్టం పుస్తకంలో చదివి తెలుసుకోవలసినదై ఉండదు. బలహీనుడి పక్షాన నిలిచి చెప్పినంత కాలం ఓర్పు అనే సలహా ధర్మబద్ధమే. అదే సలహా చెప్పడానికి ధౌమ్యుణ్ణి విరాటుడే నియమించి ఉంటే? మాటలు అవే అయినా వాటి నైతికత మారిపోతుంది.

నేటి కార్యాలయాల్లో జరిగే అనేక మానసిక స్వస్థతా కార్యక్రమాలకు ఈ మార్పే మూలదోషమని నా అభిప్రాయం. హైదరాబాదులో ఒక సంస్థలో ఫోను ద్వారా వినియోగదారుల ఫిర్యాదులు స్వీకరించే పనిలో ఉన్న నా మిత్రురాలు ఒక అనుభవం చెప్పింది. ఒత్తిడిని జయించడం గురించి వారికి ఒక తరగతి ఏర్పాటు చేశారు. షిఫ్టు ముగిసిన తరువాత రాత్రి ఏడు గంటలకు. హాజరు తప్పనిసరి. ఆ రోజు మిగిలిపోయిన కాల్స్ మరుసటి రోజు టార్గెట్‌లో కలుస్తాయి. కళ్లు మూసుకుని మనసుకు నచ్చిన చోటును ఊహించమని బోధకురాలు చెప్పినప్పుడు తనకు మిగిలిపోయిన కాల్స్ పట్టికే కనిపించిందని ఆమె అంది. బోధకురాలు మంచి మనిషి అని కూడా తానే అంది.

ఈ అనుభవం ఒంటరిది కాదని చెప్పడానికి కొంత ఆధారం ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2024లో ఒక పత్రం ప్రచురించారు. ధ్యానం, ఒత్తిడి నివారణ శిక్షణ, స్వస్థతా యాప్‌లు వంటి వ్యక్తిగత స్థాయి కార్యక్రమాల్లో పాల్గొన్నవారికీ పాల్గొననివారికీ మానసిక స్థితిలో చెప్పుకోదగిన మేలు కనిపించలేదనీ, స్వచ్ఛంద సేవకు అవకాశం ఇవ్వడం ఒక్కటే మినహాయింపనీ తేల్చారు. ఒకే కాలంలో సేకరించిన సర్వే కాబట్టి దీని నుంచి కార్యకారణ సంబంధాన్ని గట్టిగా నిర్ణయించలేము. అయినా ఓర్పు నేర్పినంత మాత్రాన పని తేలిక కాదన్న సామాన్య జ్ఞానానికి అది అనుకూలంగానే ఉంది.

నారదుని ప్రశ్నలు

సభాపర్వంలో నారదుడు కొత్త సభలో కూర్చున్న ధర్మరాజును వరుసగా ప్రశ్నిస్తాడు. ఇక్కడ ఉపదేశం వినేవాడు సేవకుడు కాదు, ప్రభువు. సైన్యానికి అన్నమూ వేతనమూ తగిన సమయంలో ఇస్తున్నావా, ఆలస్యం చేయడం లేదు కదా? ఎవరి శక్తికి తగిన పనిలో వారిని నియమించావా? పనిలో ప్రతిభ చూపినవాడికి అధికమైన గౌరవమో వేతనమో దక్కుతున్నదా? హితం కోరే అనుభవజ్ఞులను, దోషం రుజువు కాకుండానే పనిలోంచి తొలగించడం లేదు కదా? నీ కోసం మరణించినవారి, ఆపదల పాలైనవారి భార్యలను పోషిస్తున్నావా? అంధులను, మూగవారిని, కుంటివారిని, బంధువులు లేనివారిని తండ్రిలా కాపాడుతున్నావా?

ధౌమ్యుని బోధలో ‘ఇలా ఉండాలి’ అన్నది సేవకుడి మీద పడిన భారం. నారదుని ప్రశ్నల్లో ‘ఇలా చేస్తున్నావా’ అన్నది రాజు మీద పడిన భారం. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. రెంటినీ కలిపి చదివితేనే సేవాధర్మం పూర్తవుతుంది. నాకు తెలిసినంతలో మన విమర్శకులు మొదటిదాన్ని లోకజ్ఞత అనే శీర్షిక కింద, రెండవదాన్ని రాజనీతి అనే శీర్షిక కింద విడివిడిగా వివరించడమే ఎక్కువ. ఉద్యోగి కోణం నుంచి చూస్తే అవి ఒకే సంబంధానికి చెందిన రెండు ఒడ్డులు.

వేతనం గురించి అడిగినప్పుడు నారదుడు కారణం కూడా చెబుతాడు. వేతనం ఆలస్యమైతే భృత్యులు దుర్గతి పాలై ప్రభువు మీద కోపిస్తారు, అది గొప్ప అనర్థం. ఇది వివేకం. దుక్కి కాలానికి ముందు ఎద్దులకు మేత పెట్టే రైతు వివేకం వంటిది. నష్టమైన పనిదినాల లెక్క కూడా ఈ కోవలోదే. అయితే మరణించినవారి భార్యల గురించి అడిగినప్పుడు నారదుడు ఏ కారణమూ చెప్పడు. చనిపోయినవాడు మళ్లీ వచ్చి యుద్ధం చేయడు. వాడి భార్యను పోషించడం వల్ల రాజుకు కలిగే లాభం చెప్పుకోదగినది కాదు. అయినా ప్రశ్న అంతే గట్టిగా అడుగుతాడు. ‘నీ కోసం’ అన్న ఒక్క మాటే అక్కడ హేతువు. నీ కోసం చేసిన పనిలో కలిగిన హాని కనుక దాని భారం నీది. దయకూ లాభానికీ ఇక్కడ చోటు లేదు. వివేకం మీద నిలిచిన సంరక్షణ, కోలుకునే అవకాశం లేని ఉద్యోగి విషయంలో ఆగిపోతుంది. ఋణం మీద నిలిచినది ఆగడానికి వీలులేదు.

ఈ సూత్రాన్ని ఆధునిక న్యాయవ్యవస్థ కూడా కొన్ని చోట్ల గుర్తించింది. జపానులో ఒక పెద్ద ప్రకటనల సంస్థలో విపరీతమైన పనిగంటలతో కుంగుబాటుకు గురైన యువ ఉద్యోగి 1991లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2000 మార్చిలో ఆ దేశ సుప్రీంకోర్టు యజమానిదే బాధ్యత అని తీర్పు చెప్పింది. అతడి స్వభావం కూడా ఇందుకు కొంత కారణమంటూ కింది కోర్టు పరిహారంలో కోత విధించగా, సుప్రీంకోర్టు అందుకు అంగీకరించలేదు. పనిని మితిమీరిన శ్రద్ధతో చేసే స్వభావం ఉద్యోగుల్లో సహజంగా కనిపించే వైవిధ్యంలో భాగమే అయినప్పుడు, దానిని సాకుగా చూపరాదన్నది ఆ తీర్పు సారాంశం. మన దగ్గర ‘వాడు మరీ సున్నితం’ అన్న మాట ఎంత సులభంగా వినిపిస్తుందో తెలిసినవారికి ఈ అంశం విలువ బోధపడుతుంది.

సైరంధ్రి ఫిర్యాదు

విరాటపర్వంలో పాండవులందరూ ఉద్యోగులే. కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు. అందరిలోనూ కొలువు భారం అధికంగా మోసింది సైరంధ్రి. ఎంగిలి తినననీ, ఎవరి పాదాలూ కడగననీ ఆమె మొదటే చెప్పింది. రాణి సుదేష్ణ అంగీకరించింది. నేటి మాటల్లో చెప్పాలంటే సేవా నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి.

కీచకుడి కోరిక తెలిసిన తరువాత సుదేష్ణ మద్యం తెమ్మనే నెపంతో ఆమెను అతడి ఇంటికి పంపుతుంది. సైరంధ్రి నిరాకరిస్తుంది. నా నియమాలు నీకు తెలుసు, నీకు దాసీలు ఎందరో ఉన్నారు, మరొకరిని పంపు అంటుంది. నేను పంపగా వెళ్లినదాన్ని అతడు ఏమీ చేయడని సుదేష్ణ ఆమె చేతికి పాత్ర ఇస్తుంది. తరువాత జరిగింది అందరికీ తెలుసు. తప్పించుకుని రాజసభకు పరుగెత్తిన ఆమెను కీచకుడు జుట్టు పట్టుకుని విరాటుడు చూస్తుండగానే తన్నుతాడు. రాజు ఎదుటే ఆమె ధర్మాన్ని ప్రశ్నిస్తుంది. కీచకుడి విషయంలో నీవు రాజులా ప్రవర్తించడం లేదని ముఖం మీదే అంటుంది.

విరాటుని సమాధానం శ్రద్ధగా చదవదగినది. నా కంటికి కనబడకుండా మీ ఇద్దరికీ ఏమి కలహం జరిగిందో నేను ఎరుగను, నిజం తెలియకుండా ఏమి తీర్పు చెప్పగలను అంటాడు. కంటి ముందు జరిగిన తన్నును పక్కన పెట్టి, కంటికి కనబడని పూర్వకథ తెలియదనడంలో ఉంది ఆ నేర్పు. కీచకుడు సేనాపతి, రాణి తమ్ముడు. రాజ్యం అతడి బలం మీద నిలిచి ఉంది. సంస్థకు అత్యవసరమైనవాడి మీద వచ్చిన ఫిర్యాదుకు సాక్ష్యం చాలకపోవడం ఈనాటి సంగతి మాత్రమే కాదు. సభ్యులు సైరంధ్రిని మెచ్చుకున్నారు, కీచకుణ్ణి నిందించారు. అంతటితో ఊరుకున్నారు. అంతఃపురానికి తిరిగివచ్చిన ఆమెను చూసి సుదేష్ణ, నీవు కోరితే కీచకుణ్ణి చంపిస్తానంటుంది. పంపినదీ ఆమే, ఓదార్చినదీ ఆమే.

కంకుడి మాటలు మరింత బాధ కలిగిస్తాయి. ఇక్కడ నిలవకు, సుదేష్ణ ఇంటికి వెళ్లు, సమయం ఎరుగకుండా నటిలా ఏడుస్తూ మత్స్యుల జూదానికి విఘ్నం కలిగిస్తున్నావు అంటాడు ధర్మరాజు. నుదుట చెమట పట్టిందని వ్యాసుడు చెప్పడం మరువకూడదు. అజ్ఞాతవాసం భగ్నమవుతుందన్న భయం అతడిది. నేటి సహోద్యోగికి ఇంటి అప్పు వాయిదా భయం ఉండవచ్చు. తోటివాడి మౌనాన్ని పిరికితనమని కొట్టివేయడం సులభమే. కాని ఆ మౌనాన్ని తయారుచేసినది ఎవరు అని అడిగితే మళ్లీ సింహాసనం వైపే చూడవలసి వస్తుంది. ధౌమ్యుని బోధను అక్షరాలా పాటించినవాడు కంకుడు. అవమానంలో వ్యథ చూపరాదన్న నియమం తన వరకు తపస్సు. దాన్ని మరొకరి మీద విధించినప్పుడు అది హింసగా మారింది.

ఆ రాత్రి ద్రౌపది వంటశాలకు వెళ్లి భీముణ్ణి నిద్రలేపుతుంది. విమర్శకులు ఈ ఘట్టంలో ఆమె రోషాన్నీ, భీముణ్ణి కార్యోన్ముఖుణ్ణి చేసే నేర్పునూ విశేషంగా ప్రశంసించారు. నేను మరొక వివరం వైపు దృష్టి మళ్లించాలనుకుంటున్నాను. వ్యాసమూలంలో ఆమె కీచకుడి విషయం చెప్పి ఊరుకోదు. తన రోజువారీ పని గురించి చెబుతుంది. కుంతికి గాని మీకు గాని ఎన్నడూ భయపడని నేను విరాటుని ముందు భయపడుతూ నిలుచుంటున్నాను అంటుంది. గంధం బాగా నూరానా లేదా, రాజు ఏమంటాడో అన్న భయం. వేరెవరు నూరినా మత్స్యరాజుకు నచ్చదట. ఆ పైన తన చేతులు చూపిస్తుంది. అవి ఇదివరకు ఇలా ఉండేవి కావు అంటుంది. కాయలు కాచిన ఆ చేతులను భీముడు తన ముఖానికి ఆనించుకుని ఏడుస్తాడు.

కీచకుడు రాకపోయినా ఆ భయం ఉండేది. ఈ విషయం నాకు ముఖ్యమనిపిస్తుంది. పనిచేసే చోట మనసుకు కలిగే గాయాలన్నీ దుర్మార్గుల వల్లనే కలగవు. విరాటుడు ఆమె గంధాన్ని మెచ్చుకుంటూనే ఉన్నాడు. నీవు తప్ప మరెవరూ చేయలేరన్న మెప్పు కూడా రోజూ కొత్తగా భయపెట్టగలదు. తన పని మీద తనకు అధికారం లేకపోవడం, తీర్పు ఎప్పుడూ ఎదుటివాడి చేతిలో ఉండటం, అడిగి తెలుసుకునే దారి లేకపోవడం ఆ భయానికి మూలాలు. బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనాలు ఇదే విషయాన్ని వేరే మార్గంలో నిరూపించాయి. 1985లో ఆరంభమైన రెండవ అధ్యయనంలో 10,308 మందిని పరిశీలనకు తీసుకున్నారు. తమ పనిలో నిర్ణయాధికారం తక్కువగా ఉన్నవారికి గుండె జబ్బుల ప్రమాదం ఎక్కువగా కనిపించింది. తక్కువ నిర్ణయాధికారం, అధిక పనిభారం, శ్రమకు తగిన ప్రతిఫలం లేకపోవడం, తోడ్పాటు కొరవడటం మానసిక రుగ్మతలకు కూడా దారితీస్తున్నట్లు తేలింది. వీరెవరూ ఆకలితో అలమటించిన కూలీలు కారు. స్థిరమైన ఉద్యోగం, కుర్చీ, పింఛను ఉన్నవారే.

ఫిర్యాదు ముగింపును కూడా గమనించాలి. కీచక వధ తరువాత భయపడిన విరాటుడు, సైరంధ్రిని వెళ్లిపొమ్మని చెప్పమని సుదేష్ణను ఆదేశిస్తాడు. ఫిర్యాదు చేసినవారే కొలువు వదలవలసి వచ్చింది. ఆమె పదమూడు రోజుల గడువు మాత్రం అడుగుతుంది. 2013లో వచ్చిన పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం ఈ సభాదృశ్యానికి ఆలస్యంగా వచ్చిన సమాధానంలా కనిపిస్తుంది. రాజస్థాన్‌లో విధి నిర్వహణ కారణంగా అత్యాచారానికి గురైన ఒక గ్రామీణ కార్యకర్త ఉదంతం నుంచి పుట్టిన 1997 నాటి విశాఖా తీర్పు దానికి పునాది. పదిమందీ అంతకు మించీ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్లకూ, ఇళ్లలో పనిచేసేవారికీ జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉండాలి. సైరంధ్రి ఈ రెండవ కోవకు చెందుతుంది. పరిహారం నిర్ణయించేటప్పుడు బాధితురాలికి కలిగిన మానసిక ఆఘాతాన్నీ, వేదననూ లెక్కలోకి తీసుకోవాలని ఆ చట్టమే చెబుతుంది. మనసుకు కలిగిన దెబ్బ సానుభూతితో సరిపెట్టే విషయం కాదనీ, వెల కట్టి చెల్లించవలసిన నష్టమనీ శాసనం ఒప్పుకున్న చోటు ఇది.

మనసు ఎవరిది?

ఇంతవరకు యజమాని ఋణాన్ని గురించి చెప్పాను. ఈ వాదం ఒక ప్రమాదానికి కూడా తలుపు తెరుస్తుంది. ఉద్యోగి మనసు యజమాని బాధ్యత అయితే, ఆ మనసులోకి తొంగిచూసే హక్కు కూడా అతడికి వస్తుందా? నారదుడు ‘తండ్రిలా’ అన్న మాట వాడాడు. రాజుకు ఆ మాట శోభ కావచ్చు. నేటి సంస్థ ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్నప్పుడు మాత్రం నాకు శంక కలుగుతుంది. కుటుంబంలో పనిగంటలు అడగరు, జీతం బకాయి అడగరు. మనసు విప్పి చెప్పమని ప్రోత్సహించే ప్రశ్నావళి ఎవరి బల్ల మీదికి వెళుతుందో, పదోన్నతి నాడు ఎవరికి గుర్తుకు వస్తుందో తెలియనప్పుడు ఉద్యోగి మళ్లీ ధౌమ్యుణ్ణే ఆశ్రయించి చిరునవ్వు ధరిస్తాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అస్వస్థతకు చికిత్స పొందేవారికి గోప్యత హక్కు ఇచ్చింది. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా కల్పించాలని కూడా ఆదేశించింది. ఈ రెంటినీ కలిపి చూస్తే సరిహద్దు ఎక్కడో కొంత తెలుస్తుంది. చికిత్సకు ఖర్చు భరించవచ్చు, సెలవు ఇవ్వాలి, తిరిగివచ్చినప్పుడు చోటు ఉండాలి. కారణం వివరంగా చెప్పమని అడగరాదు.

నా అవగాహనలో యజమాని బాధ్యత పని మీద ఉంటుంది, మనసు మీద ఉండదు. పనిగంటలు, పనిభారం, తీర్పు చెప్పే పద్ధతి, ఫిర్యాదు వినే చెవి, ఫిర్యాదు చేసినవారికి రక్షణ, ఇవన్నీ అతడి చేతిలో ఉన్నవి. వాటిని సరిచేయకుండా మనసును సరిచేయబోవడం అధికారాన్ని మరింత లోపలికి విస్తరించడమే అవుతుంది. పని వల్ల పుట్టని రుగ్మతల మాటేమిటన్న ఆక్షేపణ ఇక్కడ న్యాయమైనదే. కుంగుబాటు ఎన్నో కారణాల వల్ల వస్తుంది. ఆ సందర్భంలో ‘నీ కోసం’ అన్న హేతువు వర్తించకపోవచ్చు. అప్పుడు నారదుని మరొక ప్రశ్న, అంగవైకల్యం ఉన్నవారిని గురించి అడిగినది, తోడు వస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అస్వస్థతను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ చెప్పింది. మానసిక అస్వస్థతతో బాధపడుతున్న ఒక కేంద్ర రిజర్వు పోలీసు దళ అధికారి మీద తీసుకున్న క్రమశిక్షణ చర్యలను 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు పరిశీలించింది. అభియోగానికి గురైన ప్రవర్తనకు అస్వస్థత ఒక్కటే కారణమని రుజువు చేయనక్కరలేదనీ, కారణాల్లో అది ఒకటైతే చాలనీ చెప్పింది. పని వల్ల వచ్చిందా, పుట్టుకతో వచ్చిందా అన్న తూకం వేయలేనంతగా మనిషి బాధలు పెనవేసుకుని ఉంటాయన్న వాస్తవం ఈ తీర్పులో గౌరవం పొందింది.

ఈ చట్టాలన్నీ జీతపు చీటీ ఉన్నవారికే కొంతలో కొంత అందుతాయి. తెలంగాణ పల్లెల జీతగాడికీ కోస్తా పాలేరుకూ మానసిక ఆరోగ్యం అన్న మాటే చేరలేదు. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం ఆ లోకాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. దాని గురించి వేరుగా వ్రాయవలసి ఉంది.

కొలువే వద్దన్న సంప్రదాయం కూడా మనకు ఉంది. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజసేవను తీవ్రంగా నిరసించాడు. ఆయన శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో ఉన్నవాడని సంప్రదాయం చెబుతుంది కనుక ఆ నిరసనలో అనుభవం లేదనలేము. నచ్చకపోతే మానేయవచ్చు కదా అనేవారు ధూర్జటిని తమ పక్షాన నిలుపుకోవచ్చు. ఆయన రాజును వదిలి వెళ్లడానికి శ్రీకాళహస్తిలో మరొక ప్రభువు ఉన్నాడు. నెలాఖరుకు ఇంటికి డబ్బు పంపవలసినవారికి అటువంటి చోటు ఉండదు.

పైన చెప్పిన నా మిత్రురాలు రెండేళ్ల తరువాత ఆ ఉద్యోగం మానేసింది. వెళ్లేటప్పుడు కంప్యూటరులో ఒక పత్రం పూరించవలసి వచ్చింది. మానేయడానికి కారణం ఎంచుకోమని నాలుగైదు వరుసలు ఇచ్చారు: ఉన్నత చదువు, వివాహం, మెరుగైన అవకాశం, ఆరోగ్యం, వ్యక్తిగత కారణాలు. పనికి సంబంధించిన వరుస ఒక్కటీ లేదట. కొంతసేపు చూసి ‘వ్యక్తిగత కారణాలు’ అన్నదాన్ని గుర్తు పెట్టి వచ్చేశానని చెప్పింది.